వకీలు ఫీజు లేదని బిడ్డను వదులుకోవద్దు
(మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీల హక్కులను గురించి మనం జరుపుకునే సభలలో వక్ఫ్ భూములు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు తప్పక ప్రస్తావనకు వస్తాయి. అవి అవసరమైన విషయాలే. అయితే బస్తీలలో సేవా కార్యక్రమాలు చేసే మా వంటి వారి దగ్గరకు స్త్రీలు తెచ్చే ప్రశ్న తరచుగా వేరేగా ఉంటుంది. "బాబును వాళ్లు తీసుకుపోయారు. కోర్టుకు వెళ్లాలంటే లక్షలు కావాలట. మా దగ్గర లేవు. ఇక వదులుకోవలసిందేనా?" అన్నది ఆ ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం ఉంది. అక్కర లేదు. ఈ దేశ చట్టం ప్రకారం ప్రతి స్త్రీకి, ప్రతి బిడ్డకు ప్రభుత్వ ఖర్చుతో వకీలును పొందే హక్కు ఉంది. ఆ మాటను ఆధారాలతో వివరించి, ఆ హక్కును చేతికి అందుకోవడం ఎలాగో చెప్పడమే ఈనాటి మా ప్రసంగం ఉద్దేశం. మేము న్యాయవాదులం కాము. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య గడిపిన వాళ్లం. ఏ కాగితం ఏ బల్ల మీదకు వెళ్లాలో, ఎక్కడ ఆగిపోతుందో కొంత తెలిసిన వాళ్లం. ఆ అనుభవంతోనే మాట్లాడుతున్నాం.

ముందుగా మన మధ్య ఏం జరుగుతున్నదో చూద్దాం. భార్యాభర్తల మధ్య తగాదా ముదురుతుంది. పెద్దలు కూర్చుంటారు. తలాఖో, ఖులాయో తేలుతుంది. మెహర్, జహేజ్ సామాను లెక్కలు అయిన తరువాత చివరిలో పిల్లల మాట వస్తుంది. అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. ఒక స్టాంపు కాగితం మీద "పిల్లవాడిపై నాకు ఏ హక్కూ లేదు" అని తల్లి చేత సంతకం చేయిస్తారు. లేదా "పిల్లలను ఉంచుకో, ఖర్చులు మాత్రం అడగవద్దు" అంటారు. ఆమె ఎందుకు ఒప్పుకున్నదని ఆరా తీస్తే బిడ్డపై ప్రేమ లేక కాదు. వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదన్న భయం, పుట్టింటివారికి భారమవుతానన్న బెంగ.

కుట్టుమిషను మీద బతికే ఒక సోదరి ఇలాంటి కాగితం మీద సంతకం చేసి ఎనిమిది నెలల తరువాత మా దగ్గరకు వచ్చింది. ఆ కాగితంతో తన కథ ముగిసిపోయిందని ఆమె నమ్మింది. బిడ్డ చదివే బడి గేటు దగ్గర నిలబడి చూసి రావడం తప్ప మరేమీ చేయలేదు. కాగితం కంటే ఆ ఎనిమిది నెలలే ఆమెకు ఎక్కువ నష్టం చేశాయి. ఎందుకో తరువాత చెబుతాం.

ఇలాంటి ఒప్పంద కాగితాలకు న్యాయస్థానం ఇచ్చే విలువ పరిమితం. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది తల్లిదండ్రులు బేరమాడి తెంచుకునే ఆస్తి తగాదా కాదు. ఒప్పందాన్ని న్యాయమూర్తి చూస్తారు, కాని దానికి కట్టుబడరు. బిడ్డ మేలుకు అది తగినదా కాదా అన్నదే చూస్తారు. ఖులా సమయంలో బిడ్డను వదులుకుంటానని తల్లి రాసి ఇచ్చినా అంతే. బిడ్డ ఖర్చుల విషయం కూడా అంతే. విడాకులు పొందిన తల్లి దగ్గర పెరుగుతున్నప్పటికీ మైనరు పిల్లలను పోషించే బాధ్యత ముస్లిం తండ్రిపై ఉంటుందని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ భృతి పిల్లల హక్కు. పిల్లల హక్కును తల్లి రాసి ఇచ్చేయలేదు.

ఇక అసలు చట్టం ఏమంటుందో నాలుగు మాటలలో చెప్పుకుందాం. షరీఅత్‌లో బిడ్డను చేరదీసి పెంచే బాధ్యతను హిజానత్ అంటారు. హనఫీ సంప్రదాయంలో కుమారుడికి ఏడేళ్లు నిండే వరకు, కుమార్తెకు యుక్తవయస్సు వచ్చే వరకు ఈ హక్కు ప్రధానంగా తల్లిది. షియా సంప్రదాయంలో కుమారుడికి రెండేళ్లు, కుమార్తెకు ఏడేళ్లు. అదే సమయంలో బిడ్డ ఆస్తి, వివాహం వంటి విషయాలలో వలీ, అంటే సంరక్షకుడు, తండ్రి. ఈ రెండింటినీ కలిపివేసి "తండ్రే వలీ కాబట్టి బిడ్డ తండ్రిదే" అని చెప్పడం మన పంచాయితీలలో సర్వసాధారణం. అది షరీఅత్ ప్రకారమూ సరి కాదు, చట్టం ప్రకారమూ సరి కాదు.

న్యాయస్థానాలు ఈ తగాదాలను 1890 నాటి సంరక్షకులు, మైనర్ల చట్టం కింద విచారిస్తాయి. ఆ చట్టంలోని 17వ సెక్షన్ మైనరుకు వర్తించే మత చట్టాన్ని దృష్టిలో ఉంచుకుంటూనే బిడ్డ సంక్షేమం ఎందులో ఉందో చూడాలంటుంది. బిడ్డ వయస్సు, ఆడా మగా అన్నది, మతం, సంరక్షణ కోరేవారి నడవడి, వారి శక్తిసామర్థ్యాలు, బంధుత్వంలోని దగ్గరితనం అన్నీ లెక్కలోకి వస్తాయి. మంచి చెడు తెలిసిన వయస్సు ఉంటే బిడ్డ ఇష్టాన్ని కూడా అడగవచ్చు. తల్లి మళ్లీ నికా చేసుకుంటే ఆమె హిజానత్ పోతుందని అంటారు. న్యాయస్థానం దానిని చూడవలసిన అంశాలలో ఒకటిగా తీసుకుంటుంది, అంతటితో తీర్పు చెప్పివేయదు. తల్లి పేదది, తండ్రికి జీతం ఎక్కువ అన్న కారణం ఒక్కటే కూడా చాలదు. డబ్బు తక్కువైతే తండ్రి చేత భృతి ఇప్పించడమే దానికి మార్గం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డబ్బు లేని కారణంగా ఎవరికీ న్యాయం నిరాకరించబడకూడదని, అందుకు ఉచిత న్యాయ సహాయం కల్పించాలని మన రాజ్యాంగంలోని 39ఏ అధికరణం చెబుతున్నది. 1976 నాటి 42వ సవరణతో అది చేరింది. దానిని అమలు చేయడానికి 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. ఆ చట్టంలోని 12వ సెక్షన్ ఉచిత సహాయానికి అర్హులెవరో చెబుతుంది. ఆ జాబితాలో "స్త్రీ లేదా బిడ్డ" అని ఉంది. అంతే. పేద స్త్రీ అని లేదు. తెల్ల రేషన్ కార్డు ఉన్న స్త్రీ అని లేదు. టీచరుగా పనిచేసే స్త్రీకైనా, బీడీలు చుట్టే స్త్రీకైనా, పుట్టింటివారు కలిగినవారైన స్త్రీకైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది. పురుషులకు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన వార్షిక ఆదాయ పరిమితి వర్తిస్తుంది. అయితే షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆ పరిమితితో సంబంధం లేదు.

ఉచితం అంటే వకీలు ఫీజు ఒక్కటే కాదు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, సాక్షుల ఖర్చు, దరఖాస్తు తయారు చేయించే ఖర్చు, తీర్పు నకళ్ల ఖర్చు అన్నీ అందులోకి వస్తాయి.

ఎక్కడికి వెళ్లాలి? ప్రతి జిల్లాలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. సాధారణంగా అది జిల్లా కోర్టుల ప్రాంగణంలోనే ఉంటుంది. దానికి జిల్లా న్యాయమూర్తి అధ్యక్షులు, మరొక న్యాయాధికారి కార్యదర్శి. కింది స్థాయి కోర్టుల దగ్గర మండల న్యాయ సేవా కమిటీలు ఉన్నాయి. హైకోర్టులో, సుప్రీంకోర్టులో వాటికి వేరే కమిటీలు ఉన్నాయి. ఇల్లు కదలలేని వారు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. దరఖాస్తును తెల్ల కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చినా చాలు. రాయడం రాని వారి మాటలను అక్కడి పారా లీగల్ వాలంటీర్లు రాసి పెడతారు.

దరఖాస్తుతో పాటు కొన్ని కాగితాలు తీసుకువెళ్లాలి. బిడ్డ జనన ధ్రువపత్రం, నికానామా, ఇరువురి ఆధార్ నకళ్లు, బడి నుంచి తెచ్చిన స్టడీ సర్టిఫికెట్, టీకాల కార్డు, బడి ఫీజు రసీదులు ముఖ్యమైనవి. బిడ్డను ఎవరు బడిలో చేర్చారు, జ్వరం వస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకువెళ్లారు అన్నది చెప్పే ఏ చిన్న కాగితమైనా విలువైనదే. ఫోనులోని సందేశాలను చెరిపివేయవద్దు. దరఖాస్తు ఇచ్చిన చోట తేదీ, నంబరు వేసిన రసీదు తప్పక అడిగి తీసుకోండి. రసీదు లేని కాగితం ఇవ్వని కాగితంతో సమానమని మా వంటి గుమాస్తాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇక్కడ ఒక అనుమానం సహజంగా వస్తుంది. "ఉచితంగా వచ్చే వకీలు మన కేసు పట్టించుకుంటాడా?" అని అడుగుతారు. ఇది కొట్టిపారేయవలసిన అనుమానం కాదు. శ్రద్ధగా పనిచేసిన ప్యానెల్ న్యాయవాదులను చూశాం. వాయిదాకు రాని వారినీ చూశాం. ఫీజు తీసుకున్న వకీళ్లలో కూడా ఈ రెండు రకాలూ ఉన్నారన్నది వేరే సంగతి. అయితే ప్యానెల్ న్యాయవాది విషయంలో మీకు ఒక సౌకర్యం ఉంది. ఆయనకు ప్రతిఫలం ఇచ్చేది న్యాయ సేవాధికార సంస్థ. ఆయన పని తీరును అడిగే అధికారం దానికి ఉంది. వాయిదాలకు రాకపోతే, మాట వినకపోతే కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. వేరే న్యాయవాదిని కోరవచ్చు. మీ దగ్గర డబ్బు అడిగే హక్కు ఆయనకు లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి, రాసి ఇవ్వండి. దరఖాస్తును తిరస్కరిస్తే అధ్యక్షులైన జిల్లా న్యాయమూర్తికి అప్పీలు చేసుకోవచ్చు.

మీరు చేయవలసింది కూడా కొంత ఉంది. ప్రతి వాయిదాకు మీరే వెళ్లండి. ఒక నోటు పుస్తకం పెట్టి ఆ రోజు ఏం జరిగింది, తరువాతి వాయిదా ఎప్పుడు అన్నది రాసుకోండి. తన కేసు తనకు తెలిసిన కక్షిదారును ఏ వకీలూ తేలికగా తీసుకోడు.

ఏ కోర్టుకు వెళ్లాలన్నది తెలియక కూడా చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. బిడ్డ సంరక్షణ కోసం వేసే దరఖాస్తును బిడ్డ సాధారణంగా నివసించే ప్రాంతంలోని కోర్టులోనే వేయాలి. కుటుంబ న్యాయస్థానం ఉన్న చోట అక్కడ, లేని చోట జిల్లా కోర్టులో. బిడ్డ కర్నూలులో పెరుగుతుంటే హైదరాబాదులో పెద్ద వకీలును పెట్టినా ప్రయోజనం లేదు. పైగా 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం అక్కడ వకీలు తప్పనిసరి కాదు. కక్షిదారులు తమ మాట తామే చెప్పుకోవచ్చు. ముందు రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టు బాధ్యత.

కొట్టడం, తిట్టడం, ఇంటి నుంచి వెళ్లగొట్టడం జరిగి ఉంటే 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆ చట్టంలోని 21వ సెక్షన్ కింద బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగిస్తూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. జిల్లాలోని సఖి కేంద్రం గాని, 181 నంబరు గాని ఇందుకు తోడ్పడతాయి. ఒకేసారి మూడు తలాఖులు చెప్పిన సందర్భంలో 2019 నాటి చట్టంలోని 6వ సెక్షన్ మైనరు పిల్లల సంరక్షణ తల్లికి ఉంటుందని, దాని విధానాన్ని మేజిస్ట్రేటు నిర్ణయిస్తారని చెబుతుంది. ఆ చట్టం మీద మనలో ఎన్ని అభిప్రాయ భేదాలు ఉన్నా, ఒంటరిగా మిగిలిన తల్లికి అందులో ఉన్న ఈ వెసులుబాటును దాచిపెట్టే అధికారం మనకు లేదు. పిల్లల భృతికి ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద దరఖాస్తు చేయాలి. పాత 125వ సెక్షన్ స్థానంలో అది 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. భృతిని దరఖాస్తు చేసిన తేదీ నుంచి లెక్కకట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఒక నెల ఆలస్యం చేస్తే ఒక నెల భృతి పోయినట్లే.

ఆలస్యం మాట వచ్చింది కనుక ఇందాక వదిలిన విషయం చెబుతాం. బిడ్డ ఒక ఇంట్లో ఏడాది, రెండేళ్లు కుదురుకున్న తరువాత, కొత్త బడికి, కొత్త మనుషులకు అలవాటుపడిన తరువాత, ఆ బిడ్డను మళ్లీ కదిలించడానికి ఏ న్యాయమూర్తి అయినా వెనుకాడుతారు. అది బిడ్డ మేలు కోరే వెనుకంజే. కాని దాని వలన లాభపడేది బిడ్డను ముందుగా ఎత్తుకుపోయిన పక్షం. డబ్బు కూడబెట్టి తరువాత కోర్టుకు వెళదామనుకునే తల్లి ఆ కూడబెట్టే కాలంలోనే కేసును పోగొట్టుకుంటున్నది. అందుకే చెబుతున్నాం, బంగారం తాకట్టు పెట్టడానికి ముందు, వడ్డీకి అప్పు తెచ్చే ముందు, మొదటి వారంలోనే న్యాయ సేవాధికార సంస్థ గడప తొక్కండి. అసలు కేసుతో పాటే 1890 చట్టంలోని 12వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరమని మీ వకీలుకు చెప్పండి. కేసు తేలేలోగా బిడ్డను చూసే ఏర్పాటునైనా కోరమనండి. బిడ్డను బలవంతంగా లాక్కుపోయి ఎక్కడ ఉంచారో చెప్పని పరిస్థితిలో హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు. దానికి కూడా హైకోర్టు న్యాయ సేవా కమిటీ వకీలును ఇస్తుంది.

ఇప్పటికే ఆలస్యమైన వారు ఆశ వదులుకోనక్కర లేదు. పిల్లల సంరక్షణ ఉత్తర్వులు శాశ్వతమైనవి కావని, పరిస్థితులు మారితే మార్చవచ్చునని 1973లోనే రోజీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుట్టుమిషను సోదరి విషయంలో జరిగింది అదే. బిడ్డ వెంటనే ఆమె చేతికి రాలేదు. మొదట ఆదివారాలు కలిసే ఉత్తర్వు వచ్చింది. తరువాత వేసవి సెలవులు సగం. కేసు ఇంకా నడుస్తున్నది. ఆమె వకీలుకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. దారి ఖర్చులు, పోయిన రోజు కూలి మాత్రం ఆమె భరించింది. ఉచిత న్యాయ సహాయం ఆ ఖర్చులను ఇవ్వదన్న సంగతి కూడా దాచకుండా చెబుతున్నాం. అక్కడే మన సమాజం చేయవలసిన పని మొదలవుతుంది.

అంతకు ముందు తండ్రులతో ఒక మాట. ఈ హక్కుల గురించి చెప్పడం తండ్రులకు వ్యతిరేకంగా మాట్లాడడం కాదు. గల్ఫ్‌లో చెమటోడ్చి నెలనెలా డబ్బు పంపుతూ, సెలవులకు వచ్చినప్పుడు బిడ్డ ముఖం చూపించమని బతిమాలే తండ్రులు కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాలలో ఉన్నారు. ఆదాయ పరిమితికి లోబడిన తండ్రికి కూడా ఉచిత వకీలు లభిస్తాడు. తల్లిదండ్రులిద్దరి ప్రేమనూ పొందడం బిడ్డ హక్కని, దూరాన ఉన్నవారికి వీడియో కాల్ ద్వారానైనా మాట్లాడే ఏర్పాటు ఉండాలని 2020లో యశితా సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గెలిచిన పక్షం రెండవ వారిని దూరం చేయడం గెలుపు కాదు. ఓడిపోయేది బిడ్డ.

కోర్టు బయట పరిష్కారం మంచిదే. ఖాజీలు, పెద్దలు, దారుల్ ఖజాలు రాజీ కుదిర్చితే అది ఖర్చు లేని మార్గం. కాని ఫత్వాలకు, దారుల్ ఖజా నిర్ణయాలకు చట్టబద్ధమైన బలం లేదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇష్టమైన వారు పాటించవచ్చు, ఇష్టం లేని వారిని ఎవరూ బలవంతపెట్టలేరు. కాబట్టి ఇరువురూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్న రాజీని లోక్ అదాలత్ ముందు పెట్టి నమోదు చేయించుకోండి. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. రుసుము లేదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. అవతలి వారు మాట తప్పితే స్టాంపు కాగితం పట్టుకుని పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగే అవస్థ తప్పుతుంది.

చివరగా మస్జిద్ కమిటీలకు, సంఘాలకు మా విన్నపం. మూడు పనులు చేయండి. ఒకటి, మస్జిద్ నోటీసు బోర్డు మీద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చిరునామాను, 15100 నంబరును తెలుగులో, ఉర్దూలో రాయించండి. స్త్రీలు నోటీసు బోర్డు దాకా రారు కనుక జుమా ఖుత్బా తరువాత ఆ మాటను మగవారికి చెప్పి ఇళ్లకు చేరవేయమనండి. రెండు, చదువుకున్న మన ఆడపిల్లలలో ఇద్దరిని ముగ్గురిని పారా లీగల్ వాలంటీర్లుగా చేరేలా ప్రోత్సహించండి. బురఖాలో భయంభయంగా కోర్టు ప్రాంగణంలోకి అడుగుపెట్టే తల్లికి తన భాషలో మాట్లాడే ఆడపిల్ల ఎదురైతే సగం ధైర్యం వస్తుంది. మూడు, జకాత్, సదఖా నిధులలో కొంత ఇలాంటి తల్లుల దారి ఖర్చులకు, కూలి పోయిన రోజులకు కేటాయించండి. జకాత్ విషయంలో అర్హతను ఉలమాను అడిగి తెలుసుకోండి. వాయిదాకు రెండు మూడు వందలు లేక కేసు మధ్యలో ఆపివేసిన వారు మన బస్తీలలో ఉన్నారు.

పంచాయితీలలో కూర్చునే పెద్దలకు మరొక మాట. పిల్లల గురించి ఏ కాగితం మీదనైనా తల్లి చేత సంతకం చేయించే ముందు ఆమెకు ఒక వారం గడువు ఇవ్వండి. ఆ వారంలో న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి సలహా తీసుకుని రమ్మని మీరే చెప్పండి. సలహా తీసుకుని వచ్చాక కూడా ఆమె ఒప్పుకుంటే ఆ ఒప్పందం నిలుస్తుంది. భయంతో చేసిన సంతకం నిలవదు, నిలవకూడదు కూడా.

ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరూ ఇంటికి వెళ్లి ఒక్క ఇంటికైనా ఈ సంగతి చెబితే మా మాటలకు ప్రయోజనం చేకూరినట్లే. అల్లాహ్ మన పిల్లలను సురక్షితంగా ఉంచుగాక. ఖుదా హాఫిజ్.